ఆడినదాన్ని అచ్చులోకి తేవడం ఎలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఆంధ్ర–ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. కొత్త తరహా నాటకం, నాట్యం, వీధుల్లో చేసే ప్రయోగాలు, వీటిని రాసిపెట్టుకోవడం ఎలా, పత్రికగా వేసుకోవడం ఎలా అని. నాకు ఇష్టమైన విషయం కాబట్టి మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకు ఆపి, పేజీలన్నీ వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: అప్పా, మేం పర్లాకిమిడిలో కొంతమందిమి కలిసి జట్టు కట్టాం. మేం చేసేది నాటకమా, డాన్సా అంటే చెప్పలేం. మాటలు తక్కువ, ఒంటితో చేసేది ఎక్కువ. మహేంద్రతనయ ఒడ్డున ఆడాం, మూతబడ్డ రైసుమిల్లులో ఒకసారి ఆడాం. చూసినవాళ్లు ఫోన్లో తీసి వాట్సాప్‌లో పెడతారు. నాలుగు రోజులకు అదీ కనబడదు. మనమే ఒక పత్రిక తీద్దాం అని మాలో ఒకమ్మాయి అంటోంది. ఇలాంటి పత్రికలు ఎక్కడైనా ఉన్నాయా? వాటిలో ఏం రాస్తారు? మా దగ్గర పెద్దగా డబ్బు లేదు.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: తియ్యండి తమ్ముడూ. ఆ అమ్మాయి చెప్పింది వినండి.

ఇలాంటి పత్రికలు చాలానే వచ్చాయి. మీకు బాగా పనికొచ్చేది 'హై పెర్ఫార్మెన్స్'. 1978లో లాస్ ఏంజెలెస్‌లో లిండా ఫ్రై బర్న్‌హామ్ అనే ఆవిడ మొదలుపెట్టారు, మూడు నెలలకోసారి వచ్చేది. అప్పటికి అక్కడ కొందరు కళాకారులు రంగులూ కాన్వాసూ పక్కన పెట్టి తమ ఒంటితోనే పని చేస్తున్నారు. దాన్నే 'పెర్ఫార్మెన్స్ ఆర్ట్' అంటారు. గ్యాలరీలో, వీధిలో, ఇంట్లో, ఎక్కడ కుదిరితే అక్కడ. అది నాటకం కాదు కాబట్టి నాటకాల గురించి రాసేవాళ్లు పట్టించుకోరు, బొమ్మ కాదు కాబట్టి బొమ్మల గురించి రాసేవాళ్లకూ పట్టదు. బర్న్‌హామ్ ఏం చేశారంటే, పత్రికలో ఒక భాగం కళాకారులకే వదిలేశారు. ప్రదర్శన చేసినవాళ్లు ఒక నలుపు తెలుపు ఫోటో, తాము చేసింది ఏమిటో తమ మాటల్లో నాలుగు ముక్కలు పంపితే చాలు, వేసేవారు. పేరున్నవాళ్లా లేనివాళ్లా అని చూడలేదు. తర్వాత తర్వాత ఆ పద్ధతి మారింది గానీ పత్రిక 1997 దాకా నడిచింది. ఇప్పుడు ఆ పత్రిక కాగితాలన్నీ అక్కడి గెట్టీ పరిశోధన సంస్థలో ఉన్నాయి. ఆ రోజుల్లో అక్కడ ఎవరు ఏం చేశారో తెలుసుకోవాలనుకునేవాళ్లు ముందుగా వెతికేది వాటినే.

దానికన్నా ముందు న్యూయార్క్‌లో 'అవలాంచ్' ఉండేది. విలోబీ షార్ప్, లీజా బేర్ అనే ఇద్దరు 1970 నుంచి 1976 దాకా 13 సంచికలు తెచ్చారు. సమీక్షలు రాయకుండా కళాకారుల్ని కూర్చోబెట్టి మాట్లాడించి, ఆ సంభాషణల్ని అచ్చు వేశారు. డబ్బు గురించి అడిగారు కదా, చివరి సంచికలు మామూలు దినపత్రిక కాగితం మీదే వచ్చాయి. మన దేశంలోనూ నాటక పత్రికలకు కొదవలేదు. నేమిచంద్ర జైన్ 1965లో ఢిల్లీ నుంచి హిందీలో 'నటరంగ్' మొదలుపెట్టారు. మనకు రాత్రి రైలు దూరంలో ఉన్న కోల్‌కతా నుంచి 1994లో 'సీగల్ థియేటర్ క్వార్టర్లీ' మొదలైంది.

ఇక ఏం రాయాలన్నది. దీనికి నేను అందరికీ చెప్పేది మైకేల్ కిర్బీ అనే అమెరికన్ నాటక పరిశోధకుడి పద్ధతి. 1959లో అలన్ కాప్రో అనే కళాకారుడు న్యూయార్క్‌లో ఒక గ్యాలరీని మూడు గదులుగా విడదీసి, వచ్చినవాళ్ల చేతికి కార్డులిచ్చి, ఎప్పుడు ఏ గదిలో కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో చెప్పి ఒక ప్రదర్శన చేశాడు. అలాంటివాటికి 'హ్యాపెనింగ్' అని పేరొచ్చింది. కిర్బీ 1965లో వాటి మీద ఒక సంకలనం తెచ్చాడు. అందులో కళాకారుడు తన పని గురించి చెప్పుకున్న మాట ఉంటుంది, ఆటకు ముందు రాసుకున్న పథకం ఉంటుంది, ఆ తర్వాత నిజంగా జరిగిందేమిటో వివరం ఉంటుంది. పథకం వేరు, జరిగింది వేరు. రెండూ పక్కపక్కన ఉంటేనే చదివేవాడికి ఆట కళ్లకు కడుతుంది. తర్వాత ఆయన 'ది డ్రామా రివ్యూ' అనే అమెరికన్ నాటక పత్రికకు సంపాదకుడైనప్పుడు కూడా ఇదే పట్టుదల. బాగుంది, బాగాలేదు అనే తీర్పులు పక్కన పెట్టి, ఏం జరిగిందో రాయమన్నాడు.

మీ రైసుమిల్లు ఆటనే తీసుకోండి. 'ఆధునిక మానవుడి ఒంటరితనాన్ని ఆవిష్కరించాం' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. మిల్లులో నేల ఎలా ఉంది? ఊక ఇంకా ఉందా, కాలు జారిందా? వెలుతురు పై కిటికీల్లోంచి పడిందా, మీరు బల్బులు కట్టారా? కరెంటు ఎవరింటి నుంచి లాగారు? జనం నిలబడ్డారా, బస్తాల మీద కూర్చున్నారా? పిల్లలు ఎప్పుడు నవ్వారు? మొదటి మనిషి ఏ మూల నుంచి వచ్చాడు, ఎంత సేపు కదలకుండా ఉన్నాడు, అప్పుడు జనంలో ఎవరైనా ఏమన్నా అన్నారా? ఒకప్పుడు ఆ మిల్లులో పని చేసిన కళాసీ ఎవరైనా చూడ్డానికి వచ్చారా? వచ్చి ఉంటే ఆయనన్న మాట మీ అందరి వ్యాసాలకన్నా ముందు పేజీలో వెయ్యాలి. అన్నది అన్నట్టుగా వెయ్యండి. ఆయన యాస దిద్దకండి.

ఈ మాట పర్లాకిమిడి వాళ్లకు నేను చెప్పాలా! గిడుగు రామమూర్తి పంతులు గారు మీ ఊళ్లో పాఠాలు చెప్పుకుంటూనే సవర భాష నేర్చుకున్నారు. సవరలను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల నోటి నుంచి విన్న పాటలూ కథలూ రాసుకున్నారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. మనిషి నోట్లోంచి ఎలా వచ్చిందో అలా కాగితం మీద పెట్టడానికి అంతకన్నా పెద్ద గురువు మీకు దొరకడు.

ఇంకొకటి. తప్పిపోయినవి కూడా రాయండి. టెచింగ్ షే అనే తైవాన్ కళాకారుడు 1980 ఏప్రిల్ నుంచి 1981 ఏప్రిల్ దాకా, న్యూయార్క్‌లో తన గదిలో ఫ్యాక్టరీలో ఉండేలాంటి టైమ్ క్లాక్ పెట్టుకుని, రాత్రీ పగలూ గంటకోసారి కార్డు పంచ్ చేశాడు. ఏడాది పొడుగునా అంతే. పంచ్ చేసిన ప్రతిసారీ ఒక ఫ్రేము ఫిల్మ్. మొదట్లో గుండు చేయించుకున్నాడు, జుట్టు పెరిగే కొద్దీ కాలం నడిచినట్టు కనబడుతుంది. 8,760 సార్లలో 133 సార్లు తప్పాయి. వాటినీ లెక్క రాసి పెట్టాడు. నిద్రపోయి తప్పినవి 94, ఆలస్యమైనవి 29, తొందరపడి ముందే కొట్టేసినవి 10. ఆ లెక్క చూశాకే మిగతాదంతా నిజమని నాకు గట్టిగా అనిపించింది. మీ ఆటలో పాట మధ్యలో ఆగిపోతే ఆగిపోయిందనే రాయండి.

డబ్బు మాట. డెమ్మీ సైజులో 16 పేజీలంటే ఒక ఫారం, అంటే మడిచి కోసే ఒక పెద్ద అచ్చు కాగితం. అంతకు మించి మొదటి సంచికకు వద్దు. నలుపు తెలుపు చాలు, మ్యాప్‌లితో అనే మామూలు తెల్ల అచ్చు కాగితం చాలు, మధ్యలో పిన్ను కొట్టించండి. డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం, మీలో ఎవరికైనా వచ్చే ఉంటుంది. ఫోన్లో తీసినవాళ్ల దగ్గర అసలు ఫైలు అడిగి తీసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపమంటే పోదు. ఆ పని ఆట అయిన రాత్రే చెయ్యాలి, మర్నాటికి సగం మంది డిలీట్ చేసేస్తారు.

ప్రశ్న: మా ప్రదర్శనలో ఒక కుర్రాడు మర్రిచెట్టు నుంచి తాడుతో వేలాడతాడు. ఇద్దరు కింద నుంచి తాడు పట్టుకుంటారు. ఫోటో తీసిన స్నేహితుడు ఆ ఇద్దర్నీ, తాడునీ కంప్యూటర్‌లో చెరిపేశాడు. కుర్రాడు గాల్లో తేలుతున్నట్టు చాలా బాగా వచ్చింది. మాలో సగం మంది అదే వెయ్యాలంటున్నారు, సగం మంది మోసం అంటున్నారు. పెద్ద గొడవైంది.
– ఒక పాఠకురాలు, గుణుపూర్

జవాబు: గొడవ పడదగ్గ విషయమే. 1960లో ఈవ్ క్లైన్ అనే ఫ్రెంచ్ కళాకారుడు పారిస్ శివార్లలో ఒక గోడ మీద నుంచి చేతులు చాచి గాల్లోకి దూకుతున్న ఫోటో ఒకటి ఉంది. కింద వీధి, పట్టుకునేవాళ్లు ఎవరూ కనబడరు. నిజానికి కింద స్నేహితులు టార్పాలిన్ పట్టుకుని నిలబడ్డారు. షంక్, కెండర్ అనే ఇద్దరు ఫోటోగ్రాఫర్లు రెండు నెగెటివ్‌లు కలిపి టార్పాలిన్‌నీ స్నేహితుల్నీ మాయం చేశారు. ఆ ఫోటోను క్లైన్ ఆ నవంబరు 27న, దినపత్రికలా కనిపించే తన సొంత కాగితంలో అచ్చు వేసి జనంలోకి వదిలాడు. ఆ బొమ్మ కోసమే ఆ దూకడం. కాబట్టి అది చెల్లింది.

మీది అలా కాదు. మీరు జనం ముందు ఆడారు, తాడు పట్టుకున్న ఇద్దర్నీ జనం చూశారు. వాళ్ల చేతులు ఒరుసుకుపోయి ఉంటాయి. వాళ్లు ఆటలో లేరని ఎలా అంటాం? గంజాంలో ఆడే మన ప్రహ్లాద నాటకంలో చూడండి. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక పై మెట్టు మీద హిరణ్యకశిపుడు, పాడి నడిపించే గాహకుడు, చివర్లో నరసింహుడి ముఖం తొడుక్కున్న మనిషికి పూనకం వస్తుంది. ఆయన్ని పట్టి ఆపే మనుషులు లేకపోతే ఆ ఘట్టమే లేదు. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ పేరున ఉన్న ఈ నాటకాన్ని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జాన్ ఎమీ అనే ఆచార్యుడు ఎంతో శ్రద్ధగా చూసి రాశాడు. ముసుగు వేసుకున్న మనిషికీ వేషానికీ మధ్య ఏం జరుగుతుందన్నదే 1996లో వచ్చిన ఆయన పుస్తకానికి ప్రాణం.

నా మాటగా అయితే తాడున్న ఫోటోనే లోపల వెయ్యండి, ఆ ఇద్దరి పేర్లతో. చెరిపిన ఫోటో అంత బాగుంటే అట్ట మీద వేసుకోండి. కింద 'ఫోటోలో తాడు తీసేశాం' అని ఒక్క ముక్క రాస్తే మోసమనేవాళ్లకు మాట ఉండదు.

ప్రశ్న: నేను రాయగడలో పిల్లలకు డాన్స్ నేర్పుతాను. నేను సొంతంగా తయారుచేసుకున్న కొన్ని కదలికలు ఉన్నాయి, ఇద్దరు ఒకరి బరువు ఒకరు మోస్తూ చేసేవి. బొమ్మలతో సహా ఒక పుస్తకంగా వేద్దామంటే, అలా చేస్తే అందరూ కాపీ కొడతారని మా గురువుగారు వద్దంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక డాన్స్ టీచర్, రాయగడ

జవాబు: మీ గురువుగారి భయంలో అర్థముంది. కానీ మీలాంటి కదలికలతోనే పేరు తెచ్చుకున్నవాళ్ల సంగతి చెబుతాను, ఆయనకు కూడా వినిపించండి. 1972లో స్టీవ్ ప్యాక్స్‌టన్ అనే నర్తకుడు అమెరికాలో 'కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్' మొదలుపెట్టాడు. ఇద్దరు ఒకరినొకరు తాకుతూ, బరువు ఇచ్చిపుచ్చుకుంటూ, ముందే అనుకోకుండా కదలడం. చూసినవాళ్లు ఎవరికి వాళ్లు చెయ్యడం మొదలుపెట్టారు, కొన్నిచోట్ల దెబ్బలు తగులుతున్నాయని కబురొచ్చింది. అప్పుడు ప్యాక్స్‌టన్, నాన్సీ స్టార్క్ స్మిత్ వగైరా ఆ పేరుకు ట్రేడ్‌మార్క్ తీసుకుని, శిక్షణ పొందినవాళ్లే నేర్పేలా కట్టడి చేద్దామా అని ఆలోచించారు. చివరికి అది వద్దనుకుని, 1975లో ఒక వార్తాపత్రం మొదలుపెట్టారు. ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో, ఎలా పడితే దెబ్బ తగలదో అందులో రాసుకునేవారు. అదే 'కాంటాక్ట్ క్వార్టర్లీ'గా పెరిగి నలభై ఏళ్లు దాటి నడిచింది.

నన్నడిగితే మీరు వేయండి. పుస్తకం మీద మీ పేరు, మీ ఊరు, సంవత్సరం ఉంటాయి. రేపు ఎవరో ఇంకోచోట చేస్తే, ఎవరు ముందు చేశారో చెప్పడానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం ఉండదు. కాకపోతే బరువు మోసే కదలికలు కాబట్టి మోకాలు ఎక్కడ వంగాలి, పైవాడు ఎప్పుడు దిగాలి అన్నది మాత్రం విడమర్చి రాయండి. పుస్తకం చూసి చేసే పిల్లల నడుములు జాగ్రత్త.

ప్రశ్న: డాన్స్‌ని సంగీతంలో స్వరాల్లాగా గుర్తులతో రాయొచ్చా?
– ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: రాయొచ్చు. రుడాల్ఫ్ లాబాన్ అనే నాట్యాచార్యుడు 1928లో ప్రకటించిన పద్ధతి ఉంది. నిలువు గీతల మధ్య గుర్తులు వేస్తారు, కింది నుంచి పైకి చదవాలి. గుర్తు ఆకారం దిక్కు చెబుతుంది, పొడవు ఎంతసేపో చెబుతుంది. నేర్చుకోవడానికి ఓపిక కావాలి. మాటల్లో రాసినా వృథా పోదు. కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయప 13వ శతాబ్దంలో సంస్కృతంలో 'నృత్తరత్నావళి' రాశాడు. పేరిణి, చిందు, కోలాటం లాంటి దేశి నృత్యాలన్నీ అందులో ఉన్నాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు దాన్ని తెలుగు చేశారు. ఆ గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాల్నీ పట్టుకునే నటరాజ రామకృష్ణ గారు ఏడు వందల ఏళ్ల తర్వాత పేరిణిని మళ్లీ నిలబెట్టారు.

ప్రశ్న: మాది బరంపురం. మా తమ్ముడు ఠాకురాణి జాతరలో పులివేషం వేస్తాడు. ఈమధ్య పెద్ద కెమెరాలతో వచ్చి 'ఇది పెర్ఫార్మెన్స్ ఆర్ట్' అంటూ ఫోటోలు తీసుకుపోతున్నారు. మాకొక్క ఫోటో కూడా పంపరు. నిజంగా ఇది అదేనా? మేమే ఏమైనా రాసుకోవచ్చా?
– ఒక గృహిణి, బరంపురం

జవాబు: నేనూ ఈ ఊరిదాన్నే కాబట్టి నిర్మొహమాటంగా చెబుతాను. ఆ పేరు మీ తమ్ముడికి అక్కర్లేదు. రెండేళ్లకోసారి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు నేతవాళ్ల కులపెద్ద దేశిబెహరా ఇంటికి వస్తుంది, ఊరు ఊరంతా వేషం కడుతుంది. అమ్మవారికి మొక్కుకుని వేసిన వేషం అది. పాశ్చాత్య కళాకారులు ఒంటినే కళగా చేసుకోవడం ఎప్పుడో మొన్న మొదలుపెట్టారు. మన వేషగాళ్లు అందులో చేరారని చెప్పి పెద్దరికం ఇవ్వాల్సిన పనేం లేదు.

కానీ రాసుకోవాలి, తప్పకుండా రాసుకోవాలి. కిర్బీ నడిపిన ఆ 'డ్రామా రివ్యూ'లోనే 1977లో కాశీ దగ్గర రామ్‌నగర్ రామలీల గురించి రిచర్డ్ షెక్నర్, లిండా హెస్ అనే ఇద్దరు పరిశోధకులు రాశారు. జనం ఎక్కడి నుంచి ఎక్కడికి నడుస్తారు, ఊళ్లో ఏ చోటు ఏ ఘట్టానికి అన్నది వాళ్లు పట్టించుకున్నారు. మన జాతరకూ అదే కావాలి. కెమెరావాళ్లు రోడ్డు మీద గంతేసిన పులినే తీస్తారు. రంగు పడే ముందు ఒంటి మీద వెంట్రుకలు తీయించుకోవడం, పసుపు రంగు ఆరేదాకా కూర్చోకుండా నిలబడి ఉండటం, ఆ తర్వాత చారలు దిద్దే మనిషి ఒక్కొక్క కుంచెకు ఊపిరి బిగబట్టడం, తోక కట్టడం, ఆకలేస్తే ఇంకొకరు నోట్లో పెట్టడం, ఇవి ఎవరి కెమెరాలో ఉన్నాయి? డప్పు ఎక్కడ దరువు మారుస్తుందో, దరువు మారితే పులి నడక ఎలా మారుతుందో మీ తమ్ముణ్ణే అడగండి. జాతర అయిన మర్నాడే అడగండి, ఫోన్లో రికార్డు చెయ్యండి. చారలు దిద్దే ఆయన్ని విడిగా అడగండి, ఆయన దగ్గర ఇంకో కథ ఉంటుంది. ఒంటి మీది రంగు కడిగించేది కూడా మీరే అయితే, ఎంతసేపు పట్టింది, దేనితో వదిలించారు అన్నది మీరే రాయండి.

మొక్కుకు సంబంధించి బయట చెప్పకూడనివి ఉంటే వాటిని వదిలెయ్యండి. ఏది వెయ్యాలి, ఏది వద్దు అన్నది వేషం కట్టినవాడి ఇష్టం, పత్రికవాళ్లది కాదు. వచ్చేసారి కెమెరావాళ్లు వస్తే, ముందు వాళ్ల ఫోన్ నంబరు రాసుకుని, ఫోటోలు ఇస్తామంటేనే నిలబడమనండి. ఇది అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: పత్రిక తెలుగులో వెయ్యాలా, ఒడియాలో వెయ్యాలా? మాలాంటి చిన్న ఊళ్లో వేసింది ఎవరు చదువుతారు? వేశాక కాపీలు ఎక్కడ దాచాలి?
– పర్లాకిమిడి జట్టులోని అమ్మాయి, విడిగా రాసిన ఉత్తరం

జవాబు: పత్రిక తీద్దామన్నది నువ్వే అన్నమాట! జపాన్‌లో ఒసాకాకీ కోబేకీ మధ్య ఆషియా అని చిన్న ఊరుంది. 1954లో యోషిహారా జిరో నాయకత్వంలో అక్కడ 'గుటాయ్' అనే బృందం పుట్టింది. వాళ్లలో షిరాగా కజువో అనే ఆయన 1955లో టోక్యోలో బురద కుప్పలో పడి దానితో కుస్తీ పట్టాడు, అదే ఆయన బొమ్మ. మురకామి సబురో వరసగా నిలబెట్టిన కాగితపు తెరలు చీల్చుకుంటూ దూకాడు. వాళ్లు ఆ ఏడే సొంత పత్రిక మొదలుపెట్టి, జపనీస్‌తో పాటు ఇంగ్లీషు కూడా చేర్చి, పోస్టులో దేశాలకు పంపారు. 1956లో అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ చనిపోయాక ఆయన కాగితాల మధ్య గుటాయ్ పత్రిక సంచికలు కనబడ్డాయి.

అందుకని రెండూ పెట్టు. ఆడినవాడు తెలుగులో చెబితే తెలుగులో, ఒడియాలో చెబితే ఒడియాలో, వాళ్ల మాట వాళ్లదే ఉండాలి. పక్కన రెండో భాషలో సగం పేజీ సారాంశం చాలు. మీ ఊళ్లో ఒడియా, తెలుగు రెండూ బాగా వచ్చిన టీచర్లకు లోటు లేదు, అడిగితే కాదనరు.

కాపీల సంగతి. చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ ప్రచురించినవాళ్లు కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమెరా లైబ్రరీకి, ముంబయి, ఢిల్లీల్లోని మరో రెండు లైబ్రరీలకు పంపాలి. 1954 నాటి చట్టం అది. చిన్న ప్రచురణలవాళ్లు దీన్ని బరువనుకుంటారు గానీ నేనైతే వరం అంటాను. నాలుగు కవర్లు, నాలుగు స్టాంపులు, మీ రైసుమిల్లు ఆట నాలుగు నగరాల్లో భద్రం. ఒక్కసారి వేసే పుస్తకంగా కాకుండా క్రమం తప్పకుండా తీయాలనుకుంటే పత్రికకు రిజిస్ట్రేషన్ అవసరం, ఆ కాగితాల పని ముందే చూసుకోండి. మీ కాలేజీ లైబ్రరీకి రెండు ఇవ్వండి. ఆట చూడ్డానికి వచ్చి మాట చెప్పిన ప్రతివాళ్లకీ ఒకటి, డబ్బు తీసుకోకుండా. నాకొకటి పోస్టులో పంపు, వచ్చే సంచికలో దాని మీద వివరంగా రాస్తాను.